భుజకీర్తుల రాజకుమారి

సింధనూరు
26 జూలై 2025, శనివారం

అక్కా,

నీకు ఉత్తరం రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. తెలుగులో ఇంత పొడుగు రాసి ఎన్నేళ్లయిందో. ఒత్తులు తప్పితే సర్దుకో. తప్పు నాది కాదు, నీ మొక్కుది. శ్రావణమాసంలో ఉల్లిగడ్డ మానేసేవాళ్లున్నారు, ఒక పూట అన్నం మానేసేవాళ్లున్నారు. ఫోను మానేసింది రాయచూరు జిల్లా మొత్తానికి నువ్వొక్కదానివే అయి ఉంటావు. నిన్న పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నాను. చివరికి బావ ఎత్తాడు.

"మీ అక్క అమాస దాంక ఫోను ముట్టదమ్మా. నేను ముట్టినా మొకం అదోలెక్క పెడ్తది. ఏమన్నుంటే రాసి పంపు."

"బావా, డ్రెస్సు సంగతి. జర నువ్వే అక్కకు చెప్పరాదూ?"

"డ్రెస్సు సంగతి నాకు చెప్తే నీకు లుంగీ వస్తది" అని పెట్టేశాడు.

అసలు సంగతి విను. స్ఫూర్తి రాజకుమారి అయింది!

వాళ్ల స్కూలు పెట్టి పదేళ్లయిందని ఆగస్టు ఇరవైన పెద్ద కార్యక్రమం. ఒకటో తరగతి పిల్లలతో జయాబాయి మిస్ నాటకం వేయిస్తోంది. రాక్షసుడు రాజకుమారిని కోటలో పెట్టి తాళం వేస్తాడు, రాజకుమారుడు వచ్చి విడిపిస్తాడు. మన పిల్ల మొన్నటేడు చెట్టు. పోయినేడు బండ. నిజంగానే బండ, అక్కా. కిరాయికి తెచ్చిన బూడిద రంగు సంచి కప్పుకుని ఒక మూల కూర్చుంది. తర్వాతి పాట పిల్లలు వచ్చి దాని మీద కూర్చున్నారు. ఇంటికొచ్చి చూస్తే ఆ గుడ్డకు ఒళ్లంతా దద్దుర్లు. వారం రోజులు గోక్కుంది. ఈసారి చీటీలు వేస్తే రాజకుమారి దీనికి వచ్చింది. అప్పటి నుంచి కాలు నేల మీద ఆనడం లేదు.

"పెద్దమ్మ కుడితెనే ఏసుకుంట. కిరాయిది తెస్తే కొరుకుత" అంటోంది. గుడ్డనో మమ్మల్నో చెప్పలేదు.

మిస్ మాత్రం ఖరాఖండిగా చెప్పింది. "పద్దెనిమిదో తారీకు సోమారం డ్రెస్సు తెచ్చి చూపియ్యాలె. లేకుంటే రాజకుమారి ఇంకో పాపకు పోతది. స్ఫూర్తికి బండ ఉంది, ఖాళీగనే ఉంది." ఆ మాట విన్న దగ్గర్నుంచి పిల్ల పొద్దున లేవగానే కుర్చీ ఎక్కి క్యాలెండరులో పద్దెనిమిది మీద వేలు పెట్టి చూస్తోంది.

గులాబీ రంగు మెత్తటి నూలు గుడ్డ ఆరు మీటర్లు పంపుతున్నాను. కొలతకు దారం కూడా పెట్టాను. ఒక కొస మెడ, మొదటి ముడి నడుము, రెండో ముడి మడమ. మీ ఊరి అమరేశప్ప మా సింధనూరు బస్సుకు కండక్టరు కదా, ఆయన చేతికే ఇస్తున్నాను. రాజకుమారి ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా? నీ చెయ్యి పడితే చాలు.

నీ చెల్లెలు
సుమంగళ


మట్మారి
29 జూలై, పంచమి

సుమా,

పార్శిల్ అందింది. పుట్టకు పాలు పోసి వచ్చి రాస్తున్నాను.

పిల్ల రాజకుమారి అయినందుకు వీరభద్రుడికి కొబ్బరికాయ కొట్టాను. బండ అయినప్పుడు నువ్వు చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడూ కొట్టేదాన్ని.

రాజకుమారి వేషం నాకు బాగా తెలుసు. నాన్న బయలాట మేళాలకు, అదే రాత్రంతా ఆడే వీధి నాటకాలకు, వేషాలు కుట్టే రోజుల్లో కుచ్చులు, కాజాలు నా పనే. నువ్వు అప్పటికి పుట్టలేదు. నువ్వు పుట్టేసరికి ఆయన కళ్లు తగ్గి ఆ పని మానేశాడు.

రెండు కొలతలు తక్కువయ్యాయి. భుజానికీ భుజానికీ మధ్య ఎంత? తల చుట్టూ ఎంత? భుజాలకు అట్ట పెడతాను. పెద్దవి కావాలా, చిన్నవా?

మరిదిని అడిగానని చెప్పు.

దీవెనలు.
మంజక్క


సింధనూరు
31 జూలై, గురువారం

అక్కా అక్కా అక్కా,

పెద్దవి! ఎంత పెద్దవైతే అంత మంచిది! బుగ్గ చేతులకు లోపల అట్ట పెడితే నిలబడతాయని నాకు తోచనే లేదు. నీ బుర్రే బుర్ర.

కొలతల దారం ఇందులోనే ఉంది. ఎర్రది తల, నల్లది భుజాలు. తల కొలిచింది మీ మరిది. మిల్లులో బియ్యం బస్తాలు కుట్టే ఎర్ర పురికొస తెచ్చి పిల్ల తలకు చుట్టాడు. చుట్టి, మాటల్లో పడి, అలవాటు కొద్దీ ముడి వేశాడు. తీయడానికి కొబ్బరినూనె రాయాల్సి వచ్చింది. అందుకే దారం జిడ్డుగా ఉంది, ఏమనుకోకు.

స్ఫూర్తి నీకు ఒక మాట చెప్పమంది. "నేను గిర్రున తిరిగితె గొడుగు లెక్క లేవాలె అని పెద్దమ్మకు రాయి." ఇప్పటి నుంచే తిరగడం మొదలుపెట్టింది. నిన్న తిరిగి తిరిగి చాటలో ఆరబోసిన పెసల్లో కూర్చుంది. కిరీటం ఉంటుందా అని కూడా అడుగుతోంది. తల కొలత అడిగావంటే ఉన్నట్టే కదా అన్నాను. ఇంటి ముందరి వీధంతా పోయి చెప్పి వచ్చింది.

బావను అడిగానని చెప్పు. లుంగీ నాకు వద్దని చెప్పు.

సుమ


మట్మారి
4 ఆగస్టు, సోమవారం

సుమా,

కొలతలు అందాయి. నూనె కాగితానికి కూడా అంటింది. చదవగలిగాను.

వెదురు బద్దలు మీ బావ చీల్చి ఇచ్చాడు. రాయచూరు పోయి అద్దాలు, జిగురు, బంగారు రంగు కాగితం తెచ్చాను. మీ బావ రోజూ పొలం నుంచి వచ్చి గడపలో నిలబడి చూస్తాడు.  నిన్న మాత్రం, "ఇంకొన్ని అద్దాలు పడ్తయి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఇంకొన్ని కుట్టాను.

బరువు కొంచెం ఉంటుంది. పిల్లను రోజూ తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని నడిపించు. మెడ నిలబడాలి.

తిరగడం మంచిదే. తిరిగినప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూడు.

ఈ రోజు ఉపవాసం. ఇంతే.

మంజక్క


సింధనూరు
6 ఆగస్టు, బుధవారం

అక్కా,

వెదురు బద్దలతో గేరా! పావడా లోపల వెదురు చుట్టు కడితే గుండ్రంగా గంటలా నిలబడుతుందని నేను ఫోనులో ఒక విదేశం పెళ్లిలో చూశాను. నువ్వు ఫోను కూడా ముట్టకుండా, మట్మారిలో కూర్చుని, వీరభద్రుడికి దండం పెట్టుకుంటూ అదే పని చేస్తున్నావు. నీకు ఎవరు నేర్పారక్కా?

చెంబు సంగతి కూడా మొదలైంది. రాజకుమార్లకు నడక ముఖ్యం అని నువ్వు చెప్పావని చెప్పాను. తెల్లారి చూస్తే మా వీధి ఆడపిల్లలంతా తల మీద చెంబులు పెట్టుకుని వరసగా నడుస్తున్నారు. ఇద్దరు మగపిల్లలు కూడా. వీధంతా తడి. మీ మరిది మిల్లుకు పోతూ జారి, పక్కింటి వాళ్ల తులసి కోటను వాటేసుకున్నాడు. "ఇంక ఎన్ని దినాలు ఈ రాజరికం?" అని అడిగాడు. పద్దెనిమిది దాకా అన్నాను.

నేను ఒక తప్పు చేశాను, కోప్పడకు. గొప్పలు చెప్పాను. స్కూలు గేటు దగ్గర అమ్మలంతా ఉంటే, మా అక్క వెదురు గేరా కుడుతోంది, అద్దాలు కుడుతోంది, కిరీటం చేస్తోంది అని చెప్పేశాను. జయాబాయి మిస్ విని, "అట్లయితే సోమారం అందరి కంటె ముందు మీదే చూస్త" అంది. స్ఫూర్తి నా కొంగు లాగి, "బండ ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పమ్మా" అంది. అక్కడే, మిస్ ముందే.

తొందరగా పంపు. నాకు నిద్ర పట్టడం లేదు.

సుమ


మట్మారి
9 ఆగస్టు, పౌర్ణమి

సుమా,

నిన్న వరలక్ష్మి పూజలో వేషాన్ని అమ్మవారి పక్కన పెట్టి కుంకుమ పెట్టాను. ఈ రోజు అమరేశప్పకు ఇస్తున్నాను.

ముందు ఎదపట్టీ. తర్వాత భుజాలవి కట్టు. తలది చివర. పిల్ల మంచినీళ్లు ముందే తాగాలి, తర్వాత తల వంచలేదు. తలుపులో పక్కకు తిరిగి నడవాలి.

రేపు తెల్లవారి మంత్రాలయానికి నడిచి పోతున్నాము. ఆరాధన మూడు రోజులు ఉండి పదమూడున వస్తాను.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఎందుకో వచ్చాక రాస్తాను.

మంజక్క


సింధనూరు
10 ఆగస్టు, ఆదివారం

అక్కా,

నువ్వు ఇప్పుడు ఏ దారిలో నడుస్తున్నావో. నేను ఎక్కడున్నానో చెప్తాను. వంటింట్లో నేల మీద కూర్చున్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియడం లేదు.

అమరేశప్ప పార్శిల్‌ను బస్సులో ఇద్దరు కూర్చునే సీటు మీద పెట్టి తెచ్చాడు. "ఏందమ్మా ఇది, మీ అక్క తేరు గిట్ల విప్పి పంపిందా? జర చినిగి అద్దాలు కనిపిస్తుంటె, కల్మల కాడ ఒక ముసలాయన దండం పెట్టిండు" అన్నాడు.

విప్పాము. ముందు ఎదపట్టీ వచ్చింది, పట్టీ నిండా అద్దాలు. తర్వాత రెండు భుజకీర్తులు వచ్చాయి. అక్కా, ఒక్కొక్కటి మా విసనకర్రకు రెండింతలుంది. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు కాగితం, చుట్టూ వెదురు. తర్వాత గోపురం లాంటి కిరీటం. నేను పంపిన గులాబీ గుడ్డ ఎక్కడా అని వెతికితే అంతా లోపల మడతలుగా ఉంది. నడుము దగ్గర కుచ్చులు మాత్రం బయటికి తొంగి చూస్తున్నాయి.

నువ్వు భుజాలు పెద్దవా చిన్నవా అని అడిగితే నేను బుగ్గ చేతులనుకున్నాను. నువ్వు వెదురు అంటే నేను గేరా అనుకున్నాను. నాన్న బయలాటకు కుట్టేవాడని నువ్వు రాసిన ముక్క చదివి, అయ్యో పాపం నాన్న గుర్తొచ్చాడు అక్కకు అనుకుని పక్కన పెట్టాను. నా తెలివికి ఏ దేవుడికి కొబ్బరికాయ కొట్టాలో నువ్వే చెప్పు.

నువ్వు రాసిన వరసలోనే పిల్లకు కట్టాము. ఇల్లంతా అద్దాల వెలుగు చుక్కలు. పిల్లి కిటికీలోంచి దూకి పోయింది. మీ మరిది చాలాసేపు చూసి, చేతులు కట్టుకుని, "అమ్మగారూ, యుద్ధం ఎవరితోని?" అని అడిగాడు. నేను నవ్వడం అక్కడ మొదలైంది.

స్ఫూర్తి అద్దంలో చూసుకుంది. "అమ్మా, నేను తేరు లెక్కున్న" అంది. తర్వాత గిర్రున తిరిగింది. గొడుగులా ఏమీ లేవలేదు. అరలో ఉన్న నూనె సీసా, టిఫిను డబ్బాలు, మీ మరిది కళ్లద్దాలు, అన్నీ ఒకే చుట్టుకు కింద పడ్డాయి. భయపడి బయటికి పరిగెత్తబోయి తలుపులో ఇరుక్కుంది. పక్కకు తిరగమని నువ్వు రాసింది నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకవైపు నుంచి మీ మరిది, ఒకవైపు నుంచి నేను, మధ్యలో అది. "లాగొద్దు, పెద్దమ్మ కుట్టింది ఇరుగుతది" అని అరుస్తూనే ఉంది. దాని మీద గీత పడినా ఒప్పుకోలేదు, అది మాత్రం నిజం.

బయటికి తీశాక అడిగింది, మెల్లగా: "మిస్ మళ్ల బండ ఇస్తదా అమ్మా?"

నవ్వు అక్కడ ఆగింది.

ఎనిమిది రోజులే ఉన్నాయి. కత్తెరతో కుట్లు విప్పుదామని చూశాను. నాన్న కుట్టు, నీ చెయ్యి. ఒక్క పోగు కదల్లేదు. స్ఫూర్తి తనకు కావలసిన రాజకుమారిని బొమ్మ గీసింది, ఇందులో పెడుతున్నాను. ఈ బొమ్మ ముందే పంపి ఉంటే సరిపోయేది. కోప్పడతావా? నువ్వు కోప్పడవు. అదే నాకు భయం.

సుమ


మట్మారి
13 ఆగస్టు, బుధవారం

సుమా,

ఆరాధన బాగా జరిగింది. కాళ్లకు బొబ్బలు. ఇంటికి రాగానే నీ ఉత్తరం చూశాను.

తప్పు నాది. నాకు తెలిసిన రాజకుమారి ఒక్కతే. ఆమె ఆటలోకి వస్తే జనం లేచి నిలబడేవాళ్లు. ఇంకో రకం ఉంటుందని తోచలేదు.

నాన్న ఆ పని మానేశాక ఆ వేషం నేనూ కుట్టలేదు. నీ గుడ్డ ఒళ్లో పెట్టుకోగానే చేతులు వాటంతట అవే పోయాయి. పది రోజులు ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంది. సంతోషం ఎందుకో రాస్తానన్నాను. ఇదే.

పిల్ల బొమ్మ చూశాను. గంటలా ఉంది. గంట కుట్టడం తేలిక.

మేళం గుడ్డకు నాన్న కత్తెర పెట్టేవాడు కాదు. ఈ ఆటకు రాణి అయిన గుడ్డ, వచ్చే ఆటకు డేరా కావాలి. అందుకని గుడ్డను మడతలు పెట్టి, మొత్తం ఒకే దారంతో గొలుసు కుట్టు వేసేవాడు. నీ ఆరు మీటర్లు కోత లేకుండా అట్లాగే ఉన్నాయి. కుడి చంక కింద ఎర్రదారం కొస ఉంటుంది. దాన్ని లాగు. అంతా వచ్చేస్తుంది.

బాధపడకు. వేషం విప్పడానికే కుడతారు.

నేను కుట్టి పంపేంత వ్యవధి లేదు. నువ్వే కుట్టాలి. చిన్నప్పుడు నువ్వు నాన్న చొక్కాను పరుపుతో కలిపి కుట్టావు, అప్పటి నుంచి నీ చేతికి సూది ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు అట్టకు గుచ్చి పెట్టాను, చూసుకో.

ముందు పిల్లకు పాత నూలు గౌను వెయ్యి. ఒళ్లు గీరుకోదు. దాని మీద గుడ్డను నడుము చుట్టూ దగ్గర దగ్గరగా కుచ్చులు పెట్టి, గొలుసు కుట్టు వెయ్యి. మిగిలిన కొసలను భుజాల మీదుగా తెచ్చి, చేతుల దగ్గర బుగ్గలు చేసి, అదే దారంతో నడుముకు కలుపు. కత్తెర వద్దు. గొలుసు కుట్టు ఎట్లా వెయ్యాలో వెనక బొమ్మ గీశాను.

సూది పట్టే ముందు దేవుణ్ణి తలుచుకో. తర్వాత సూదిని చూడు.

మంజక్క


సింధనూరు
18 ఆగస్టు, సోమవారం

అక్కా,

స్ఫూర్తే రాజకుమారి!

ముందు అది చెప్పాలి కాబట్టి చెప్పాను. ఇప్పుడు మొదటి నుంచి.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. వేషాన్ని తలుపు గొళ్లేనికి తగిలించి, దండం పెట్టి, ఎర్రదారం కొస పట్టుకుని లాగాను. టప టప టప టప అని ఒకటే చప్పుడు. నాన్న రాజకుమారి నిలబడ్డ చోటే కరిగిపోయి, గులాబీ గుడ్డ వాకిలి దాకా దొర్లింది. నా కంట్లో నీళ్లు తిరిగాయి. స్ఫూర్తి చప్పట్లు కొట్టి, "అమ్మా, ఇంకొక్కసారి!" అంది.

మూడు రోజులు కుట్టాను. పిల్లను పీట మీద నిలబెట్టి, దాని చుట్టూ నేను తిరుగుతూ. మీ మరిది దానికి అన్నం ముద్దలు పెడుతూ. ఒకసారి సూది తగిలింది. "రాజకుమార్లు ఏడవరు" అన్నాను. "రాజకుమారి అమ్మలు గుడ్డను గుచ్చుతరు, నన్ను గుచ్చరు" అంది. నా గొలుసు కుట్టు నీ బొమ్మలో ఉన్నట్టు లేదు. మేక నడిచినట్టు ఉంది. ఎడమ బుగ్గ పూరీ, కుడి బుగ్గ బొండా. కానీ అక్కా, నేను కుట్టాను!

ఈ రోజు స్కూలుకు పోయాము. అందరి ముందు మిస్, "ఏదమ్మా వెదురు గేరా?" అని అడిగింది.  స్ఫూర్తి ముందుకు పోయి గిర్రున తిరిగింది. ఆరు మీటర్లు, కోత లేదు, అంతా ఒక్కసారి గాల్లోకి లేచింది! మొదటి వరస పిల్లల జుట్టు ఎగిరింది. మిస్ నోరు తెరిచి, "గొడుగు!" అంది. మన పిల్ల నా వైపు చూసిన చూపు నీకు ఎట్లా రాయాలో నాకు తెలియదు.

భుజకీర్తులు, కిరీటం, ఎదపట్టీ సంచిలో తీసుకుపోయాను, మిస్‌కు ఒకసారి చూపిద్దామని. రాక్షసుడు వేసే నిఖిలేశ్‌కు వాళ్ల నాన్న నల్ల చొక్కా తప్ప ఏమీ లేదు. వాడు వాటిని చూడగానే దగ్గరికి వచ్చి చేతులు చాపి నిలబడ్డాడు. కట్టాము. వాడు పొడుగు మూడడుగులు, వెడల్పు నాలుగు. రాజకుమారుడు వాణ్ణి చూసి, "మిస్, నేను గీనితోని కొట్లాడ" అన్నాడు. నువ్వు కుట్టింది ఏదీ వృథా పోలేదు.

ఎల్లుండి కార్యక్రమం. వీరభద్రుడికి చెప్పు.

సుమ


మట్మారి
19 ఆగస్టు, మంగళవారం

సుమా,

చాలా సంతోషం. పీట చుట్టూ తిరిగి కుట్టడం నాన్న పద్ధతే. నీకు ఎవరూ చెప్పలేదు.

ఒక మాట రాయడం మరిచాను. కుట్టు అయ్యాక ఎర్రదారం కొసను లోపలికి దోపి రెండు ముళ్లు వెయ్యాలి. వెయ్యకపోతే దేనికి తగిలినా మొత్తం ఊడుతుంది. వెదురు పక్కన అసలు నిలబడకూడదు.

అమరేశప్ప ఈ రోజు డ్యూటీ దిగాడు. గురువారం ఎక్కుతాడట. ఈ ఉత్తరం నీకు నాటకం అయ్యాక అందుతుంది. తెలిసి కూడా రాస్తున్నాను. మీ బావ నీకు ఫోను చేశాడు. నువ్వు ఎత్తలేదు. ఫోను ముట్టాలని నాకూ ఒక క్షణం అనిపించింది. ముట్టలేదు. దీపం పెట్టి కూర్చున్నాను.

మంజక్క


సింధనూరు
20 ఆగస్టు, బుధవారం సాయంత్రం

అక్కా,

 ఇప్పుడే ఇంటికి వచ్చాము. బావ చేసిన ఫోను నిన్న చూసుకోలేదు, ఈ పరేశాన్‌లో మళ్లీ చేయనూ లేదు. ఏమైనా పని ఉందా?

స్కూలు నిండిపోయింది. నాటకం మొదలైంది. మన పిల్ల కోటలో నిలబడింది. "ఎవరైనా నన్ను విడిపించండి" అనేది దాని మాట. రెండేళ్లుగా దాని గొంతు మొదటి వరస దాటి వినపడలేదు కదా. ఈ రోజు కొంచెం వినిపించింది. అప్పుడు నిఖిలేశ్ కోటలోకి వచ్చాడు. అద్దాలు తళతళ, చంటిపిల్లలు ఏడుపు. వాడు రాజకుమారి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "హహహ" అనాలి. తిరిగాడు. అన్నాడు. అని అవతలికి నడిచాడు.

టప టప టప టప.

అక్కా, దారం కొస! వాడి భుజకీర్తి వెదురుకు చిక్కుకుంది! వాడు ఒక్కో అడుగు వేస్తుంటే ఒక్కో కుచ్చు ఊడుతోంది. వాడికి తెలియదు. "హహహ" అంటూ పోతూనే ఉన్నాడు. పూరీ పోయింది, బొండా పోయింది, గొడుగు మొత్తం జారి కాళ్ల దగ్గర కుప్ప అయింది. కుప్ప మధ్యలో మన పిల్ల, పాత పసుపు గౌనులో.

జనం చప్పుడు ఆగిపోయింది.  మీ మరిది కుర్చీలోంచి సగం లేచి అట్లాగే ఉండిపోయాడు. మిస్ తెర వెనక నుంచి, "తెర! తెర!" అంటోంది. తెర లాగే ఆయన నోరు తెరిచి నాటకం చూస్తున్నాడు. స్ఫూర్తి కింది పెదవి వణకడం నాకు పదో వరసలోంచి కనిపించింది. ఇంక పరిగెత్తి వస్తుంది, వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంటుంది, ఇంక జన్మలో వేదిక ఎక్కదు అనుకున్నాను.

అది గుడ్డ వైపు చూసింది. రాక్షసుడి వైపు చూసింది. గుడ్డ కొస రెండు చేతులతో పట్టుకుంది.

"ఓయ్ రాక్షసా! నా బట్టలు యాడికి తీస్కపోతున్నవ్ రా?" అని అరిచింది. స్కూలు బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినిపించింది. అరిచి పరిగెత్తింది. వాడి చుట్టూ ఒక చుట్టు. రెండు చుట్లు. వాడు అటు తిరిగితే గుడ్డ ఇంకా బిగుస్తోంది. ఆరు మీటర్లూ అయిపోయాయి. నిఖిలేశ్ గులాబీ రంగు మూట అయి, పైన కిరీటం, పక్కన రెండు రెక్కలు మాత్రమే కనిపిస్తున్నాయి. "మిస్, నాకు నవ్వొస్తుంది మిస్" అంటున్నాడు.

అప్పుడు రాజకుమారుడు కట్టె కత్తి పట్టుకుని వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. "మిస్, నేనేం జెయ్యాలె?" అని అడిగాడు.

మిస్ కన్నా ముందు మన పిల్లే చెప్పింది. "తాళం తియ్ పో!"

తీశాడు. అది తలుపులోంచి, పక్కకు తిరగకుండా, తిన్నగా నడిచి బయటికి వచ్చి దండం పెట్టింది. జనం ఎట్లా లేచారంటే కుర్చీలు వెనక్కి పడ్డాయి. మీ మరిది ఈలలు వేశాడు. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆయనకు ఈల వచ్చని నాకు తెలియదు. జయాబాయి మిస్ నా దగ్గరికి వచ్చి, "మీరు ముందే చెప్పి ఉంటే నేను కథలనే గిట్ల రాస్తుంటి గదమ్మా. ఎంత మంచి ఉపాయం!" అంది. నేను మా అక్కదే అన్నాను. అబద్ధమో కాదో నువ్వే చెప్పు.

పిల్ల ఇప్పుడే అన్నం తిన్నది. ఒక మాట రాయమంది, అది చెప్పినట్టే రాస్తున్నాను: "పెద్దమ్మా, రాజకుమారికి ఉత్తగ నిలబడుడే పని. రాక్షసునికి మస్తు పనుంటది. వచ్చేసారి నన్ను రాక్షసుని చెయ్యి. పెద్ద మీసం పెట్టు."

సుమ


మట్మారి
22 ఆగస్టు, శుక్రవారం

సుమా,

నేను పంతొమ్మిదిన రాసిన ఉత్తరం నీకు అంది ఉంటుంది. దానితో ఇంక పని లేదు.

నీది గుడి అరుగు మీద కూర్చుని చదివాను. నవ్వు ఆగలేదు. పూజారి బయటికి వచ్చి, "ఏమైంది మంజమ్మా?" అన్నాడు. "ఏం లేదు సామీ, మా పిల్ల రాక్షసుణ్ణి కట్టేసింది" అన్నాను. ఆయన నాకు తీర్థం రెండుసార్లు ఇచ్చాడు. మీ బావకు చదివి వినిపించాను. ఎద్దులకు మేత వేస్తూ విన్నాడు. మేత వేయడం అయ్యాక, "తాళం తియ్ పో" అని ఒక్కడే అనుకుని నవ్వాడు.

ఆట మధ్యలో ఊడిన వేషాలు నాన్న దగ్గర నేను మూడు చూశాను. మూడుసార్లూ వేసుకున్నవాళ్లు లోపలికి పరిగెత్తారు. పెద్దవాళ్లే.

స్ఫూర్తికి చెప్పు. రాక్షసుడి వేషానికి ముందు మీసం కుట్టాలి. మిగతాదంతా దాన్ని బట్టి వస్తుంది. ముక్కు కింద దారం పెట్టి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి పంపు. కొలిచేటప్పుడు పిల్లను బాగా నవ్వించు. రాక్షసుడు నవ్వినప్పుడు మీసం చాలకపోతే బాగుండదు.

మంజక్క